కొబ్బరితోట వెనకాల ఊరు

తెలుగు సినిమాలో కోనసీమ అనగానే కెమెరా పైకి లేస్తుంది. కొబ్బరి మొవ్వుల మీదుగా ఎగిరి, కాలవ వెంబడి సాగి, పెంకుటింటి అరుగు మీద దిగుతుంది. అరుగు మీద పూతరేకుల పళ్లెం ఉంటుంది, పక్కనే మాట మాటకీ 'ఆయ్' అనే ఒక హాస్యగాడు ఉంటాడు. ఈ సరంజామా ఉంటే చాలు, అది మన సినిమా అని టిక్కెట్టు కొనేస్తున్నాం. కోనసీమ సినిమాకి వీటిలో ఏదీ కొలత కాదని నా వాదన. కథని ఇక్కడి నుంచి ఎత్తి పొల్లాచ్చిలోనో, అలెప్పీలోనో దింపినా చెక్కుచెదరకుండా నడిచిపోతే కోనసీమ అందులో ఉన్నది తెర వెనక గుడ్డగానే. తోట ఎవరి పేర ఉంది, దింపుకి ఎవరు చెట్టెక్కుతున్నారు, అప్పు ఎవరి దగ్గర పుట్టింది, పెళ్లి పందిట్లో ఎవరు ఎంత దూరంలో నిలబడాలి అనే లెక్కలు కథని మలుపు తిప్పినప్పుడే ఊరు తెర మీదికి వచ్చినట్టు.

ఒకే మండలానికి చెందిన రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూడండి. 1967లో బాపు తన మొదటి సినిమా 'సాక్షి'ని ఆత్రేయపురం మండలం పులిదిండిలో తీశారు. కథ ముళ్లపూడి వెంకటరమణది. పడవ నడుపుకునే కిష్టయ్య ఓ హత్య చూసి కోర్టులో నిజం చెబుతాడు. హంతకుడు తప్పించుకుని ఊరికి తిరిగొచ్చేసరికి, నిన్నటిదాకా కిష్టయ్యని మెచ్చుకున్న ఊరు తలుపులేసుకుంటుంది. అదే గోదావరి, అదే పచ్చదనం, కానీ ఆ అందంలో మనిషికి దాక్కునే చోటు దొరకదు. సరిగ్గా 50 ఏళ్ల తర్వాత 2017 సంక్రాంతికి 'శతమానం భవతి' వచ్చింది. కథ ఆత్రేయపురంలోనే జరుగుతుంది. విదేశాల్లో స్థిరపడ్డ పిల్లల్ని పండక్కి ఇంటికి రప్పించడానికి తండ్రి వేసే ఎత్తు ఆ కథ. ప్రకాష్ రాజ్, జయసుధ ఇద్దరూ బాగా చేశారు, ఆరోగ్యకరమైన వినోదానికి ఇచ్చే జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆ అవార్డుతో నాకు పేచీ లేదు. కానీ అంత పెద్ద ఇల్లు దేని మీద నడుస్తోంది, ఆ పొలం కౌలుకి ఎవరు చేస్తున్నారు అన్న ప్రశ్న సినిమా మొత్తంలో ఒక్కసారీ రాదు. పిల్లలు రాలేదన్న బెంగ ఏ జిల్లా తల్లిదండ్రులకైనా ఒకటే. అందుకే ఆ కథ ఏ జిల్లాకైనా సరిపోతుంది.

అందాన్ని అందంగా చూపిస్తే తప్పేమిటి, పది మంది చూసి దిండి రిసార్టుకి వస్తారు కదా అనేవాళ్లున్నారు. తప్పేమీ లేదు, రానివ్వండి. ఈ నేలని నమ్మించడానికి అసలు ఈ నేల కూడా అక్కర్లేదని 'రంగస్థలం' తేల్చేసింది. రాజోలు పక్క మట్టపర్రులో పుట్టిన సుకుమార్ 2018లో ఆ సినిమా కోసం ఊరికి ఊరే హైదరాబాద్‌లో సెట్టు వేయించాడు. అయినా అంత గోదావరి ఊరు ఈమధ్య తెర మీద మరొకటి లేదంటాను. కారణం ఆ సెట్టు పెంకుల్లో లేదు. మూడు దశాబ్దాలుగా దిగని ప్రెసిడెంటు, అతని గుప్పిట్లో సొసైటీ, తీర్చినా తీరని అప్పు, దుబాయ్ నుంచి తిరిగొచ్చి నామినేషన్ వేసే అన్న. గల్ఫ్ డబ్బు, గల్ఫ్ ధైర్యం వచ్చాక పాత పెత్తనానికి ఎదురు మాట బలపడడం ఈ ప్రాంతంలో నిజంగా నడిచిన చరిత్ర. అసలు లొకేషన్‌లో అబద్ధం తీయడం కంటే సెట్టులో నిజం తీయడం నయం.

2024లో ఒక విచిత్రం జరిగింది. ఫిబ్రవరిలో 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు', ఆగస్టులో వారం తేడాతో 'కమిటీ కుర్రోళ్ళు', 'ఆయ్' వచ్చాయి. మూడూ గోదావరి కథలే, మూడింట్లోనూ కులం ఉంది. వీటిలో దుష్యంత్ కటికనేని తీసిన మొదటిది నా దృష్టిలో చాలా మెట్లు పైన ఉంది. మల్లి బ్యాండు మేళంలో వాయిస్తాడు, సెలూన్లో పని చేస్తాడు, అక్క పద్మ చదువుకుని టీచరయింది. ఇది రచయిత ఊహించి తగిలించిన జత కాదు. క్షవరం చేసే చేతులే పెళ్లిలో సన్నాయి, డోలు పట్టడం ఇక్కడి ఆచారం. మంగళసూత్రం పడే క్షణాన వాళ్ల మేళం లేనిదే ముహూర్తం కాదు, భోజనాల బంతి దగ్గరికొచ్చేసరికి మాత్రం వాళ్ల చోటు వేరు. ఆ వైరుధ్యం మీదే కథ నిలబడింది కాబట్టి దాన్ని కదిలించలేం. శరణ్య ప్రదీప్ పద్మగా ఎదురు తిరిగినప్పుడు నోట వచ్చేది కూడా నవ్వుల కోసం మనం వాడుకునే ఆ గోదావరి యాసే. కోపానికీ, గౌరవానికీ ఆ యాస సరిపోతుందని తెలుగు హీరోయిన్ల డబ్బింగ్ థియేటర్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. 'ఆయ్' నవ్వించింది, అందులో కుర్రాళ్ల త్రయం హాయిగా ఉంది. కానీ కులం అనే అడ్డుగోడని పెద్దవాళ్ల పాత స్నేహం ఒకటి అడ్డొచ్చి తొలగిస్తుంది. ఆ స్నేహం లేని ఇళ్లలో ప్రేమికుల గతి ఏమిటో సినిమా అడగదు.

ఇలాంటి కథలు జిల్లా పరువు తీస్తాయని, మానుతున్న గాయాన్ని కెలుకుతాయని ఇంకో అభ్యంతరం ఉంది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో మొదలైన నిరసన మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లు తగలబెట్టేదాకా వెళ్లింది. ఆ తర్వాత ఎవరైనా భయంగా మాట్లాడితే అర్థముంది. కానీ ఆ మంటకి ముందు ఏళ్ల తరబడి తెర మీద మనం చూసిన కోనసీమలో దాదాపు కులమే లేదు, ఉమ్మడి కుటుంబాలూ ముగ్గుల పోటీలే ఉన్నాయి. ఆ మౌనం మంటని ఆపలేదు. ఒక పద్మని చూసినందువల్ల గొడవలు పుట్టాయని ఇంతవరకు ఎవరూ చూపించలేదు కూడా. కులం పేరుతో రెచ్చగొట్టే సినిమాలు లేవనను. వాటిలో హీరో కులం గొప్పది, విలన్ కులం చెడ్డది. 'మ్యారేజి బ్యాండు'లో గొప్ప కులమంటూ లేదు, అవమానం ఎలా పనిచేస్తుందన్నదే ఉంది. రెండింటినీ ఒకే గాటన కట్టడం బద్ధకం.

ఇంకా తెరకెక్కాల్సినవి చాలా ఉన్నాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్ రెండు నెలలకు పైగా మండింది. మరుసటి ఏడాది నవంబరు 6 తుపాను వెయ్యి మందికి పైగా మింగి, కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. 2011లో రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లలో పనికి కువైట్, మస్కట్ వెళ్లిన ఆడవాళ్లు రాజోలు, మలికిపురం వైపు వీధి వీధికీ ఉన్నారు. ఇంత సరుకుండగా మన హీరో ఇంకా పడవ మీద పాట పాడుతున్నాడు. తుపాను తీయాలంటే గ్రాఫిక్స్ ఖర్చు ఎవరు పెడతారని నిర్మాతలు అడగొచ్చు. గాలి చూపించక్కర్లేదు. పడిపోయిన తోటలో కొత్త మొక్క నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఆ ఐదారేళ్లూ తోట యజమాని నష్టపరిహారం కోసం తిరుగుతాడు, ఎక్కడానికి చెట్టు లేని దింపు కార్మికుడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు, అతని భార్య ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు పెట్టి కువైట్ విమానం ఎక్కుతుంది. ఇది తీయడానికి రెండు ఇళ్లు, ఒక ఖాళీ తోట, ముగ్గురు మంచి నటులు చాలు.