తప్పు దిద్దుడని కోరిన ఏలిక

క్రీ.శ. 632లో తొలి ఖలీఫాయైన అబూబకరు మదీనా మసీదున నిలిచి, తాను ప్రజలలో శ్రేష్ఠుడను కాననియు, మంచి చేసినచో తోడ్పడుడనియు, తప్పినచో దిద్దుడనియు కోరెను. అధికారము చేపట్టిన నాడే ఇట్లు పలుకువారు అరుదు.

మన తాలూకాలోని మురుగమల్ల దర్గాకు హిందువులును ముస్లిములును పోవుదురు. అయినను ఈ మాటను మేము తరగతిలో ఇంతవరకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పవలసివచ్చినది మా తప్పువలననే.

పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన మేము, ఒక బాలిక వ్రాసిన ‘రాగిసంగటి’ని కొట్టివైచి ‘సంకటి’ అని దిద్దితిమి. “మా యింట్లో సంగటే అంటారు సార్” అని ఆమె లేచి చెప్పగా, కోపించి కూర్చుండుమంటిమి. ఆ రాత్రి అబూబకరు మాట జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడితిమి. ఖలీఫాకు లేని బిడియము బడిపంతులుకేల?

తల్లిదండ్రులారా! పిల్లలు మమ్ము దిద్దిరని విన్నచో వారిని మందలింపకుడు. మరునాడు ఆ పుస్తకములో మా ఎఱ్ఱగీతను మేమే కొట్టివేసితిమి.