పనివాని పేరు పదిమందికి తెలియవలెను: నిర్మాణ కార్మిక సంక్షేమ మండలికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ భవన, ఇతర నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి అధ్యక్షులవారికి, సభ్యమహాశయులకు,

ఆర్యులారా,

ఇబ్రహీంపట్నము నుండి మైలవరము మీదుగా భద్రాచలమునకు సాగిపోవు 30వ నంబరు జాతీయ రహదారిపై, తెలంగాణ సరిహద్దునకు చేరువనున్న మా తిరువూరులో, ప్రొద్దు బాగుగా పొడవకమునుపే కూలీల అడ్డా నిండిపోవును. తాపీని, మట్టపుబద్దను, తూకపుగుండును సంచిలో వేసికొని వచ్చిన మేస్త్రీలును, సెంట్రింగు పనివారును, రాడ్ బెండర్లును, అన్నపు క్యారేజీ చేతబట్టుకొని వచ్చిన స్త్రీలును, ఆగిన ప్రతి మోటారు సైకిలు వంకకును ఆశతో చూచుచు నిలిచియుందురు. వచ్చినవాడు ఇద్దరు కావలెననును. వీరిలో ఎవరు ఏ పనియందు ఆరితేరినవారో అడుగడు, అడిగినను చూపుటకు వారియొద్ద ఏ యాధారమును లేదు. దగ్గర నిలిచినవాడు పనికి పోవును. దూరమున నిలిచినవాడు, ఎంత నేర్పరియైనను, ఎండ ఎక్కినంతనే ఇంటిదారి పట్టును.

ఈ దుస్థితిని తొలగించుటకు తగిన సాధనము మీ చేతిలోనే యున్నదని విన్నవించుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను.

1996లో పార్లమెంటు చేసిన చట్టము నాటినుండియు, పదునెనిమిదేండ్లు నిండి అరువదేండ్లు నిండక, గడచిన పండ్రెండు నెలలలో తొంబది దినములు నిర్మాణపు పని చేసిన ప్రతి కార్మికుడును మీ మండలియందు పేరు నమోదు చేయించుకొనుటకు అర్హుడు. నిర్మాణవ్యయముపై నూటికి ఒక రూపాయి చొప్పున వసూలగు సెస్సు మీ నిధికి ఆధారము. ఈ యేర్పాటు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనికిని వచ్చి చేరినది. ప్రమాదమునందును, ప్రసూతియందును, మరణమునందును కార్మికుని కుటుంబమును ఆదుకొనవలెనను ఈ సంకల్పము శ్లాఘనీయము. అయినను, కష్టము వచ్చిననాడు మాత్రమే అక్కరకు వచ్చు నమోదు కార్డు, కష్టము రాకుండ నిత్యము పని దొరకుటకును తోడ్పడవలదా? దరఖాస్తులో వ్రాయించుకొన్న వృత్తి పేరు ఫైలులోనే యుండిపోవుచున్నది గాని, ఇల్లు కట్టుకొనదలచిన గృహస్థుని కంటబడుట లేదు.

పనితనమనగా ఎట్టిదో ఒక్క యుదాహరణముతో మనవి చేసెదను. స్నానాలగదికి నేల పరచునప్పుడు, ఒక గోడ మీది మట్టమును ఎదుటి గోడకు చేర్చుటకై, నీరు నింపిన సన్నని పారదర్శకపు గొట్టమును ఇద్దరు చెరియొక కొన పట్టుకొని, లోపలి గాలిబుడగ పూర్తిగా పోవువరకు వేచియుండి, నీటిమట్టము కుదిరిన చోట గోడపై గీతలు గీయుదురు. ఆ గీతల నుండి క్రిందికి కొలచి, తలుపువైపు ఎత్తును తూమువైపు పల్లమును వచ్చునట్లు దారము కట్టి, వాటము చూచుకొని రాయి పరచుదురు. బుడగ మిగిలినచో కొలత తప్పును. వాటము తప్పినచో ఆ యింటి ఇల్లాలు ఏండ్ల తరబడి నీటిని చీపురుతో త్రోయవలసివచ్చును. ఇంతటి నేర్పు గలవాడు పని ముగిసిననాడు కూలి పుచ్చుకొని వెడలిపోవును. ఆ వాటము తనదని చెప్పు కాగితపు ముక్కయైనను ఆతనివెంట పోదు. మరుసటి యుదయము అడ్డాలో ఆతడును, నిన్ననే పనిలో చేరినవాడును సమానులే.

పూర్వులు పనివాని పేరును ఇంతగా విస్మరింపలేదు. సాంచీ స్తూపపు దక్షిణతోరణముపై శాతకర్ణి మహారాజు పనివారిలో పెద్దయైన ఆనందుని పేరు నేటికిని చదువనగును. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన పాలంపేట ఆలయమును, ప్రభువు పేర గాక, శిల్పి పేరని ప్రతీతిగల రామప్ప నామముతోనే లోకము పిలుచుచున్నది. 2021లో యునెస్కో ప్రపంచవారసత్వ గౌరవమును పొందినప్పుడును రుద్రేశ్వరాలయమను పేరి ప్రక్కన ఆ శిల్పి పేరు నిలిచినది. మరి 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, రాతికట్టడముగా లేచిన నాగార్జునసాగరమున రాళ్లు మోసి పేర్చిన వేలాదిమంది పేర్లు ఎవరికి తెలియును? ఆ సాగరపు ఎడమకాలువ నీరు మా ప్రాంతపు పొలములను తడుపుచున్నది గనుక, ఆ ఋణము మాపైనను కలదు.

పేరు లేనిచోట పరిచయము లేదు. పరిచయము లేనివాడు మధ్యవర్తికి లోబడక తప్పదు. పాలమూరు నుండి దేశమునందలి ఆనకట్టలకు, కాలువలకు తరలిపోయిన కూలీలు గుంపుమేస్త్రి యిచ్చిన బయానాకు కట్టుబడి నెలల తరబడి శ్రమించిన చరిత్ర తెలుగువారెరుగనిది కాదు. కూలీల స్థితి ఇట్లుండగా, ఇంజనీర్లకు 1920లోనే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఏర్పడినది. కాంట్రాక్టర్లకు 1941 నుండి బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కలదు. అట్టి సంస్థల సభలలో ఒకరి యనుభవము మరియొకరికి అందును, కొత్త పనుల వార్త తెలియును, స్నేహము వ్యాపారమునకు తోడగును. కార్మికసంఘములు కూలిరేట్ల కొరకును, హక్కుల కొరకును చేయుచున్న పోరాటము మిక్కిలి గౌరవింపదగినదే. అయినను పనివానిని పనియిచ్చువానికి పరిచయము చేయు భారమంతయు వాటిపైననే మోపుట న్యాయము కాదు. 2019లో రాష్ట్రమున ఇసుక కొరతచే పనులు నిలిచిపోయినప్పుడు, పొరుగూళ్లలో నలుగురిని ఎరిగినవారు ఎటులో నెట్టుకొనివచ్చిరి. ఎవరినీ ఎరుగనివారు అడ్డాలోనే కూరుచుండిరి.

కావున నా విన్నపము లివి. మొదటిది, నమోదైన ప్రతి కార్మికునికిని ఒక పనిపుస్తకమును ఇప్పింపుడు. ఏ యూరిలో ఏ పని చేసినదియు, ఎన్ని దినములు చేసినదియు అందులో వ్రాసి, గృహస్థుడో ఇంజనీరో సంతకము చేయవలెను. తొంబది దినముల అర్హతకును అదియే సాక్ష్యమగును. పుస్తకము కార్మికుని యొద్దనే యుండవలెను. నిందావాక్యములకు అందు చోటుండరాదు. లేనిచో మేలుకొరకు పుట్టినది కూలి గట్టిగా అడిగినవానిని వెలివేయు సాధనముగా మారును.

రెండవది, నెలకొక పరిచయసభ. మా వైపు పలువురు తాపీపనివారు అమావాస్యనాడు పనిలోనికి దిగరు గనుక, ఆ దినమే అనుకూలము. తాపీ, వడ్రంగము, రాడ్ బెండింగు, ఎలక్ట్రికల్, ప్లంబింగు పనివారును, ఇల్లు కట్టుకొనదలచినవారును, చిన్న కాంట్రాక్టర్లును, పాలిటెక్నిక్ చదువు ముగించిన యువకులును ఒక్కచోట కూడి మాటలాడుకొన్నచో, కాంక్రీటు తడి ఎన్నాళ్లు ఆరనీయరాదో మొదలుకొని ఎక్కడ ఏ పని ఆరంభమగుచున్నదో అనువరకు ఎన్నో సంగతులు చేతులు మారును. 1998లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ నిర్మాణ అకాడమీవంటి సంస్థల శిక్షకులు అప్పుడప్పుడు వచ్చినచో ఆ సభలే పాఠశాలలగును.

మూడవది, స్త్రీల విషయము. ఏండ్ల తరబడి సిమెంటు మాలు అందించిన స్త్రీ, మాలు కలుపు పాళ్లును గోడ లేచు క్రమమును కంటితోనే నేర్చుకొన్నను, జీవితాంతము కూలిగానే మిగులుచున్నది. జార్ఖండులో మరుగుదొడ్ల నిర్మాణకాలమున స్త్రీలు తాపీ పట్టి రాణీమేస్త్రీలని పేరు తెచ్చుకొనిరి. మన స్త్రీలకును వారి పేరనే పనిపుస్తకమును, తాపీ పట్టు నవకాశమును కలుగవలెను.

నాలుగవది, సరిహద్దు. మావారు నేడు తిరువూరులోను, రేపు సరిహద్దు కావలనున్న సత్తుపల్లిలోను పనిచేయుదురు. గోడ కట్టుచోట రాష్ట్రము మారినంతమాత్రమున శ్రమ మారదు గనుక, అక్కడి పనిదినములు ఇక్కడ చెల్లునట్లును, ఇక్కడి పుస్తకము అక్కడ చెల్లునట్లును తెలంగాణ మండలితో మాటలాడి ఒడంబడిక చేసికొనుడు.

ఇది యంతయు చేతిలోని ఫోనుతోనే సాధ్యముగదా అని కొందరందురు. పేర్ల పట్టికను ఫోనులో పెట్టుట మంచిదే. కాని లక్షల వ్యయముతో జన్మకొక ఇల్లు కట్టుకొను గృహస్థుడు ముఖము చూచి, చేసిన పని చూచి, పదిమంది మాట విని నమ్మును. ఆ నమ్మకము ముఖాముఖిని కుదురవలసినదే.

దీనికి కావలసినది ఒక గది, ఒక గుమాస్తా, కొన్ని పుస్తకములు, అన్నిటికి మించి మీ ఆదరము. రాష్ట్రమంతట ఒక్కసారి కుదరనిచో, మా తిరువూరులో ఒక సంవత్సరము నడిపి చూడుడు. స్థలమును వెదకుటకును, గృహస్థులను పిలుచుకొనివచ్చుటకును మావంటి పౌరులము సిద్ధముగా నున్నాము. మీ ఉత్తరువు కొరకు నిరీక్షించుచున్నాము.

ఇట్లు,
మీ విధేయుడు,
తిరువూరు పౌరుడొకడు