ఒక హీరో, ఒక మూగ మిత్రుడు



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు క్రమశిక్షణ మీద రాద్దామనుకున్నాను. కానీ దాని మీద ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకే ఈసారి నా అభిమాన నటుడి గురించి రాస్తున్నాను. ఆయన పేరు బర్ట్ లాంకాస్టర్. హాలీవుడ్ నటుడు. "హాస్టల్ పుస్తకంలో హాలీవుడ్ ఎందుకన్నా?" అని నవ్వకండి. చివరి దాకా చదవండి.

డిగ్రీ చదివే రోజుల్లో ఒక సీనియర్ తెచ్చిన సి.డి.లో 'ది క్రిమ్సన్ పైరేట్' (1952) చూశాను. ఇంగ్లీషు మాటలు సగం కూడా అర్థం కాలేదు. అయినా రెండుసార్లు చూశాం. ఓడ మీద తాడు పట్టుకుని ఊగుతూ, ప్రేక్షకుల వైపు తిరిగి పళ్లన్నీ కనిపించేలా నవ్వే సముద్రపు దొంగల నాయకుడు లాంకాస్టర్. అతని పక్కనే ఒక పొట్టి మనిషి. గోడలెక్కుతాడు, పల్టీలు కొడతాడు, సైగలతో నవ్విస్తాడు. కానీ సినిమా మొత్తంలో ఒక్క మాట మాట్లాడడు. అతని పేరు నిక్ క్రావట్. ఈ ఇద్దరి కథ తర్వాత తెలుసుకున్నాను. సినిమా కంటే అదే నాకు ఎక్కువ నచ్చింది.

లాంకాస్టర్ 1913లో న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెమ్‌లో పుట్టాడు. వలస వచ్చిన పేదలు ఉండే పేట అది. తండ్రి తపాలా శాఖలో చిన్న ఉద్యోగి. ఆ పేటలో పేదపిల్లలకు ఆటలు, నాటకాలు నేర్పే 'యూనియన్ సెటిల్‌మెంట్' అనే సేవాసంస్థ ఉండేది. మన హాస్టల్ లాంటిదే అనుకోండి, పిల్లలు రాత్రికి ఇంటికి వెళ్లిపోతారు, అంతే తేడా. లాంకాస్టర్ అక్కడే ఆడాడు, అక్కడే మొదటిసారి నాటకాలు వేశాడు. ఆటల కోటాలో యూనివర్సిటీలో సీటు వచ్చింది గానీ చదువు మధ్యలో మానేశాడు. చిన్ననాటి స్నేహితుడు నిక్‌తో కలిసి సర్కస్‌లో చేరాడు. 'లాంగ్ అండ్ క్రావట్' పేరుతో ఇద్దరూ ఇనుప బార్ల మీద విన్యాసాలు చేస్తూ ఊరూరా తిరిగారు. 1939లో దెబ్బ తగిలి లాంకాస్టర్ సర్కస్ వదలాల్సి వచ్చింది. సేల్స్‌మన్‌గా పనిచేశాడు, తర్వాత సైన్యంలో చేరాడు. 1946లో మొదటి సినిమా విడుదలయ్యేనాటికి ఆయన వయసు 32. ఒక్కసారి పరీక్ష తప్పితే జీవితం అయిపోయిందని ఏడ్చే తమ్ముళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

హీరో అయ్యాక లాంకాస్టర్ ఏం చేశాడు? 1950లో 'ది ఫ్లేమ్ అండ్ ది యారో' తీసినప్పుడు నిక్‌ను పక్కన నిలబెట్టుకున్నాడు. తర్వాత 'క్రిమ్సన్ పైరేట్'. అలా మొత్తం తొమ్మిది సినిమాల్లో ఇద్దరూ కలిసి నటించారు. అయితే ఒక చిక్కు వచ్చింది. నిక్‌ది ముతక న్యూయార్క్ వీధి యాస. పాతకాలపు రాజుల కథలో ఆ యాస నప్పదని, ఈ రెండు సినిమాల్లోనూ అతనికి మూగ పాత్రే ఇచ్చారు. తెర మీద అది బాగా పండింది కూడా.

తమ్ముళ్లారా, ఈ సంగతి చదివినప్పుడు నాకు నా కాలేజీ మొదటి ఏడాది గుర్తొచ్చింది. నేను నోరు విప్పితే నా యాసకు క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా నేను మూగ పాత్రే వేశాను. తెలిసిన జవాబు కూడా చెప్పలేదు. నాతో పాటు మన హాస్టల్ నుంచి వచ్చిన మిత్రుడొకడు రోజూ రాత్రి నా చేత పేపరు గట్టిగా చదివించేవాడు. "నవ్వేవాళ్లు నవ్వనీరా, నువ్వు చదువు" అనేవాడు. ఇంటి ఇబ్బందుల వల్ల అతను చదువు మానేసి మేస్త్రీ పనికి పోయాడు. నాకు ఉద్యోగం వచ్చింది. ఆ కబురు అతనికి చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. లాంకాస్టర్‌కు నేను అభిమానినని చెప్పుకుంటాను, కానీ ఈ ఒక్క విషయంలో నాకు ఆ అర్హత లేదు.

లాంకాస్టర్ దేవుడేమీ కాదు. కోపిష్టి అని, దర్శకులతో గొడవ పడతాడని పేరుండేది. కానీ పైకొచ్చాక కింద చూడటం మానలేదు. సొంత నిర్మాణ సంస్థ పెట్టి, మాంసం కొట్టులో పనిచేసే మామూలు మనిషి కథతో 'మార్టీ' తీస్తే, 1955 ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. 'ఎల్మర్ గాంట్రీ' (1960)లో నటనకు ఆయనకూ ఆస్కార్ వచ్చింది. 1963 ఆగస్టు 28న నల్లజాతి ప్రజల హక్కుల కోసం వాషింగ్టన్‌లో మహాప్రదర్శన జరిగింది. మార్టిన్ లూథర్ కింగ్ చరిత్రాత్మక ప్రసంగం చేసిన రోజు అది. పారిస్‌లోని అమెరికన్లు సంతకాలు చేసిన మద్దతు పత్రాన్ని తీసుకుని లాంకాస్టర్ అక్కడికి వచ్చాడు. ఆ మైకు ముందు నిలబడ్డాడు. అంబేడ్కర్ బొమ్మ కింద రోజూ ప్రార్థన చేసే మనకు ఆ పని విలువ వేరే చెప్పాలా?

నా అభిప్రాయం రెండు మాటల్లో చెబుతాను. ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లూ, మీ యాసకు సిగ్గుపడి మూగ పాత్ర వేయకండి. సినిమాలో అది కథ కోసం, జీవితంలో అది నష్టం. ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ, మీరు ఎగిరిన పల్టీ వెనుక కింద నిలబడి పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంటుంది. ఈ వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు ఒంటరిగా రాకండి, ఆ మిత్రుడికి ఫోన్ చేసి వెంటబెట్టుకు రండి.

నిక్ 1994 జనవరిలో చనిపోయాడు. లాంకాస్టర్ అదే ఏడాది అక్టోబరులో. ఈసారి నేను నా మేస్త్రీ మిత్రుడితో కలిసి వస్తున్నాను. మెస్‌లో రెండు ప్లేట్లు ఉంచండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– మీ పూర్వ విద్యార్థి