నూనె కాదు, చెయ్యి

షాంపూ అంటే ఇప్పుడు సీసాలోంచి వచ్చే నురుగు. ఆ ఇంగ్లీషు మాట మాత్రం హిందీ 'చాంపో' నుంచి పుట్టింది. నొక్కమని దాని అర్థం. 1759లో పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 19వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఆవిరి స్నానాలు, మర్దనాతో పేరు తెచ్చుకుని, నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులకు 'షాంపూయింగ్ సర్జన్' అయ్యారు. తర్వాత సబ్బు నురుగు వచ్చి మర్దనాను మరిపించింది.

నూనెల విషయంలోనూ అదే జరుగుతోంది. బాదం, భృంగరాజ్, ఉల్లి అంటూ సీసా మీద పేర్లు పెరిగేకొద్దీ చేతి పని తగ్గుతోంది. తెలుగువారి 'తలంటు'లో అసలు నూనె ప్రస్తావనే లేదు. అంటడమే ముఖ్యం. దీపావళి తెల్లవారుజామున పీట మీద కూర్చోబెట్టి నువ్వుల నూనె మాడుకు పట్టించే చెయ్యి ఏ మూలికా తైలానికీ తీసిపోదు.

కారణం ఒంట్లోనే ఉంది. గంటల తరబడి కంప్యూటర్ ముందు కూర్చుంటే కణతల దగ్గర, మెడ వెనక కండరాలు బిగుసుకుంటాయి. వేళ్లతో నొక్కితే అవి వదులవుతాయి. దానికితోడు రోమాలున్న చర్మంలో నెమ్మదైన స్పర్శకే బాగా స్పందించే నాడీతంతువులున్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే అవి చురుగ్గా ఉంటాయి. హడావుడిగా రుద్దితే ఆ హాయి రాదు. 2016లో వెలువడిన ఓ కొరియా అధ్యయనంలో వారానికి రెండుసార్లు చొప్పున 10 వారాలు తల మర్దనా చేయించుకున్న ఉద్యోగినుల్లో ఒత్తిడి హార్మోన్లు, రక్తపోటు తగ్గాయి. పాల్గొన్నది 34 మందే. బీపీ మాత్రలు మానేయడానికి ఇది సరిపోదు.

మరి నూనె ఎందుకు? వేళ్లు జారడానికి. కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో ముంబై పరిశోధకులు తేల్చారు (వారు పనిచేసేది కొబ్బరినూనె అమ్మే కంపెనీలోనే లెండి). రాలిన జుట్టు మొలుస్తుందన్న హామీ వేరే సంగతి. 'చల్లని' నూనెల్లోని మెంథాల్ మాడును చల్లబరచదు, చల్లదనాన్ని గుర్తించే నాడుల్ని తట్టి లేపుతుందంతే. చుండ్రు ఉన్నవారు నూనె రాత్రంతా ఉంచుకోకపోవడమే మేలు. చుండ్రుకు కారణమయ్యే శిలీంధ్రానికి కొవ్వే ఆహారం.

అసలు ప్రమాదం నూనెలో లేదు, మర్దనా చివర్లో ఉంది. చాలా సెలూన్లలో తల మర్దనా ముగించి, మెడను పుటుక్కుమని అటూ ఇటూ తిప్పుతారు. హాయిగా అనిపించే ఆ చప్పుడు వెనక మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళం చీలే ముప్పుంది. అరుదే అయినా, పక్షవాతానికి దారితీసిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కళ్లు మూతలు పడ్డాక వద్దని చెప్పే వ్యవధి దొరకదు. కుర్చీలో కూర్చోగానే, "మెడ జోలికి వెళ్లొద్దు" అని చెప్పేయాలి.