నిలిచిన గుమ్మటం, కూలిన వంతెన

తెలుగునాట పల్లెపల్లెకూ పరిచితమైన 'సిమెంటు' అన్న మాటకు మూలం ప్రాచీన రోమనుల భాషలో ఉంది. లాటిన్‌లో 'కేమెంటుమ్' అనగా గోడలో వేసే రాతిముక్క. సున్నమూ, అగ్నిపర్వతపు బూడిదా, నీరూ కలిపిన అడుసులో ఆ రాతిముక్కలను కూర్చి రోమనులు గోడలను, కమానులను, గుమ్మటాలను, ఓడరేవులను కట్టారు. దాదాపు రెండువేల ఏండ్లుగా నిలిచి ఉన్న ఆ కట్టడాలను చూచినవారు తరచుగా ఒక నిర్ణయానికి వస్తారు: ఆ రహస్యం నశించింది, అటువంటి పనితనం ఇక రాదు అని. ఇది వినసొంపైన మాటే గాని సగం సత్యం. మిగిలిన సగం తెలియకపోతే రోము నుండి నేర్వవలసిన అసలు పాఠం చేజారిపోతుంది.

ఆ పనితనానికి ఉత్తమోదాహరణ రోము నగరంలోని పాంథియన్. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 125 ప్రాంతంలో పూర్తయిన ఈ ఆలయపు గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు. ఉక్కు చువ్వలు లేని కాంక్రీటు గుమ్మటాలలో నేటికీ ప్రపంచంలో ఇదే పెద్దది. దీని మందం అడుగున 6 మీటర్లకు పైగా ఉండగా, శిఖరాన గల గుండ్రని గవాక్షం వద్ద సుమారు 1.2 మీటర్లు మాత్రమే. కంకర కూడా ఎత్తును బట్టి మారుతుంది. పునాదిలో బరువైన ట్రావర్టీన్ రాయి, ఆపైన టఫ్ రాయి, ఇటుక ముక్కలు, శిఖర భాగంలో మిక్కిలి తేలికైన ప్యూమిస్ రాయి వాడారు. పైకి పోయిన కొద్దీ భారం తగ్గాలన్న ఆలోచన ఆ నిర్మాణమంతటా కనిపిస్తుంది.

ఇక పదార్థం సంగతి. సాధారణ సున్నం గాలి సోకితేనే గట్టిపడుతుంది. నీటి అడుగున ఎన్నటికీ బిగియదు. నేపుల్స్ సమీపాన పోజ్జువోలి ప్రాంతంలో దొరికే బూడిదలోని సిలికా, అల్యూమినా సున్నంతో సంయోగం చెంది నీటిలోనే రాయివలె బిగుస్తాయి. క్రీ.పూ. మొదటి శతాబ్దానికి చెందిన విట్రూవియస్ తన వాస్తుగ్రంథంలో ఓడరేవుల పనికి రెండుపాళ్ల బూడిదకు ఒకపాలు సున్నం కలపమన్నాడు. నదిఇసుక వాడినప్పుడు దానిలో పెంకుల పొడి కలిపితే అడుసు మెరుగవుతుందనీ చెప్పాడు. తెలుగునాట తాపీమేస్త్రీలు గానుగ సున్నంలో ఇటుకపొడి కలపడం వెనుక ఉన్నదీ ఇదే రసాయన ధర్మం.

రోమను కాంక్రీటులో అక్కడక్కడ కనిపించే తెల్లని సున్నపు పలుకులను పరిశోధకులు చాలాకాలం కలుపుడులోని లోపంగా భావించారు. 2023లో అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞుల బృందం దీనికి వేరొక కారణం చూపింది. రోమనులు కాల్చిన సున్నాన్ని నేరుగా కలిపినందున మిశ్రమం వేడెక్కి ఈ పలుకులు ఏర్పడ్డాయనీ, పగులులోకి నీరు చేరినప్పుడు వీటిలోని కాల్షియం కరిగి, తిరిగి గట్టిపడి, ఆ పగులును పూడ్చుతుందనీ వారు తెలిపారు. ఆ పద్ధతిలో తయారుచేసిన కాంక్రీటులో అర మిల్లీమీటరు పగుళ్లు రెండు వారాలలో పూడుకొనిపోయాయి.

ఇంతమాత్రాన రోమనులు కట్టినదల్లా నిలిచిందని భావించరాదు. క్రీ.శ. 27లో రోముకు సమీపాన ఉన్న ఫిడేనే పట్టణంలో అటీలియస్ అనే వ్యక్తి లాభాపేక్షతో ఒక కొయ్య క్రీడాంగణం నిర్మించాడు. గట్టినేల చూడకుండా పునాది వేశాడు. దూలాల అతుకులు బిగువుగా లేవు. జనంతో కిక్కిరిసి ఉండగా అది కూలింది. మృతులు, క్షతగాత్రులు కలిసి యాభైవేల మందని చరిత్రకారుడు టాసిటస్ వ్రాశాడు. పరీక్షించిన గట్టినేలపైన తప్ప క్రీడాంగణం కట్టరాదని ఆ తరువాత సెనేట్ శాసించింది. అనగా నేడు కనిపించే రోము, కాలపరీక్షలో నెగ్గిన రోము మాత్రమే. ఓడినవాటి శిథిలాలను యాత్రికులకు ఎవరూ చూపరు.

మరి పాంథియన్ ఎందుకు నెగ్గింది? పదార్థం ఒక్కటే కారణం కాదు. కాంక్రీటు నొక్కుడును భరిస్తుంది, లాగుడును భరించలేదు. అందుకే రోమనులు భారమంతా నొక్కుడుగా దిగే కమాను, గుమ్మటాకారాలను ఎన్నుకొన్నారు. ఆ గుమ్మటంలో నిలువు పగుళ్లు లేకపోలేదు. అయినా దాని రూపం దానిని నిలబెట్టింది. రెండవది సంరక్షణ. 609లో అది క్రైస్తవ దేవాలయంగా మారినందున వాడుకలో ఉండిపోయింది. 663లో బైజాంటియం చక్రవర్తి దాని పైకప్పు కంచు రేకులను ఒలిపించుకొనిపోగా, 735లో సీసపు రేకులు కప్పించారు. ఆ మరమ్మతు చేయించినవారి పాత్ర హేడ్రియన్ పాత్రకు తీసిపోదు.

ఇదే ఇటలీలో మరొక ఉదాహరణ ఉంది. జెనోవా నగరంలో 1967లో ప్రారంభమైన మొరాండీ వంతెన ఆనాటి ఇంజనీరింగ్ ప్రతిభకు చిహ్నంగా పేరొందింది. దానిని మోసే ఉక్కు తీగలను కాంక్రీటులో పొదిగారు. లోపలి తుప్పు పైకి కనిపించలేదు. 2018 ఆగస్టు 14న దానిలో కొంతభాగం కూలి 43 మంది మరణించారు. దాని వయస్సు 51 సంవత్సరాలు. క్రీ.పూ. 62 నాటి ఫాబ్రీషియస్ వంతెన మీద రోములో నేటికీ జనం నడుస్తున్నారు.

అయితే ఈ పోలికను ఆధునిక విజ్ఞానంపై తీర్పుగా తీసికొనడం అన్యాయం. ఫాబ్రీషియస్ వంతెన లారీలను మోయదు. దీర్ఘమైన వంతెనలకూ, బహుళ అంతస్తుల భవనాలకూ, భూకంపాలను తట్టుకొనవలసిన ఇండ్లకూ ఉక్కు అవసరం. ఆ ఉక్కుతోనే తుప్పు సమస్య వచ్చింది. కనుక కట్టడంతో పాటు దాని పరీక్షకూ, మరమ్మతుకూ ధనం కేటాయించడం విధి. అది దయ కాదు. కట్టినవాని పేరు శిలాఫలకంపై చెక్కి, కాపాడేవానికి జీతం కోత పెట్టే సమాజం రోమునుండి ఏమీ నేర్చుకొననట్లే.

ఈ మాట ప్రభుత్వాలకే పరిమితం కాదు. స్వగ్రామంలో ఇల్లు కట్టించుకొనే ప్రవాస తెలుగు కుటుంబాలు ఫోనులో మొదట అడిగే ప్రశ్న స్లాబు ఎప్పుడు పడుతుందనే. ఆ స్లాబుకు ఎన్నాళ్లు నీళ్లు కట్టారని అడిగేవారు అరుదు. నేడు ఊరి దుకాణంలో దొరికే సిమెంటు బస్తాలు అనేకం 'పోజొలానా' అన్న మాటను మోస్తున్నాయి. అది పోజ్జువోలి పేరే. థర్మల్ విద్యుత్కేంద్రాల బూడిద అందులో ఆనాటి అగ్నిపర్వతపు బూడిద చేసిన పనినే చేస్తుంది. అటువంటి సిమెంటు నిదానంగా బలపడుతుంది గనుక కనీసం పది రోజులు తడి ఆరనివ్వరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ పది రోజుల ఓర్పుకు ఖర్చు స్వల్పం, ఫలితం తరతరాలది.

రోమనుల రహస్యం భూమిలో పూడిపోలేదు. తగిన పదార్థం, తగిన రూపం, గట్టి నేల, ఎడతెగని సంరక్షణ: ఈ నాలుగూ నేటికీ అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. కొరవడినది తొందర మానుకొనే మనస్సు మాత్రమే.