ఆంగ్లాభ్యాసము - మనోల్లాసము

మా వీధిలో నొక గృహిణి గలదు. ఆమె ఇంటరుమీడియెటు వఱకు చదివినది. పదేండ్లు ఆంగ్లము పాఠ్యవిషయముగా నేర్చినది. కుమార్తె పాఠ్యపుస్తకమును తెఱచి చదివి, దాని భావమును తెలుగులో చక్కగా చెప్పగలదు. గడచిన సంవత్సరము బడిలో తలిదండ్రుల సమావేశము జరుగనుండగా, నాల్గవ తరగతి చదువుచున్న ఆ కుమార్తె తల్లి చెంగు పట్టుకొని, "అమ్మా, ఈసారి నాన్నని పంపు. నువ్వు రావద్దు. నీకు ఇంగ్లీషు రాదు కదా" అన్నదట. బిడ్డ మనసులో దురుద్దేశ మేమియు లేదు. అంతకు ముందటి సమావేశమున ఉపాధ్యాయిని ఆంగ్లమున నేదో యడుగగా తల్లి బదులు చెప్పజాలక తల వంచుకొని నిలుచుటయు, ప్రక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వుటయు దానికి జ్ఞాపకమున్నది. అంతియే. ఈ మాట మాతో చెప్పునపుడు ఆ తల్లి కన్నులు చెమర్చినవి.

సోదరీమణులారా, ఈ కథ యొక్క యింటిది కాదు. బ్యాంకులో, వైద్యశాలలో, విదేశమునందున్న కొడుకు నింట మనుమల ముందర, మనలో ననేకులు ఇట్లే తల వంచుకొనినవారము. చదువు లేక కాదు, తెలివి లేక కాదు. నోరు తెఱచుటకు ముందే భయము గొంతు పట్టుకొనుచున్నది. ఈ భయమును గూర్చియు, దానికి విరుగుడుగా ఇటీవల కొందరు భాషాధ్యాపకులు అవలంబించుచున్న సంతోషసాధనలను గూర్చియు ఈ నెల ముచ్చటింప దలచితిమి.

మేమును ఈ భయము నెఱుగనివారము కాము. చిన్ననాట తరగతిలో 'ఐలండ్' అను మాటను, అక్షరములను నమ్ముకొని, 'ఇస్లాండ్' అని చదివితిమి. గది యంతయు ఘొల్లుమనెను. పాఠము చెప్పు అయ్యవారును నవ్విరి. తప్పు చదివినది మేమే గాని, ఒక యక్షరమును వ్రాసి పలుకక విడిచిన దోషము మాది కాదు గదా! అయినను ఆ సంవత్సరమంతయు మేము తరగతిలో మఱల చేయి యెత్తి యెఱుగము.

పరభాషాభయము తక్కిన భయముల వంటిది కాదని పండితులు చెప్పుచున్నారు. అమెరికా దేశమున ఎలేన్ హార్విట్జ్ అను విదుషి మఱి యిద్దరితో గూడి 1986లో దీనిని ప్రత్యేకముగ విచారించి, కొలుచుటకు 33 వాక్యముల ప్రశ్నావళిని సిద్ధపఱచెను. లెక్కలో తప్పినచో లెక్క మాత్రమే తప్పును. పరభాషలో తడబడినచో మనిషియే తెలివిమాలినట్లు కనబడును. ఇంట నలుగురికి ఆలోచన చెప్పగల ఇల్లాలు, ఆంగ్లమున మాటాడవలసివచ్చిన క్షణమున, మాటలు కూడబలుకు మూడేండ్ల పసిపాప యగును. ఆ యవమానమునకు వెఱచియే మనము మౌనమును ఆశ్రయింతుము. మౌనముగ నున్నవారికి భాష యెట్లు వచ్చును? రానిచో భయము రెట్టింపగును.

ఈ చక్రము నెచ్చట ఛేదింపవలెను? ఇందులకు మనశ్శాస్త్రమునుండి యొక వెలుగు లభించినది. మార్టిన్ సెలిగ్మన్ అను శాస్త్రజ్ఞుడు స్టీవెన్ మయర్ అను సహచరునితో 1967లో కుక్కలపై నొక పరిశోధన ప్రకటించెను. ప్రయోగము క్రూరమైనదే. తప్పించుకొన వీలులేని విద్యుదాఘాతములకు గురియైన కుక్కలలో అనేకములు, పిదప తప్పించుకొన త్రోవ దొరకినను ప్రయత్నింపక పడియుండెను. ఏమి చేసినను ఫలితము లేదని అవి నేర్చుకొనినవని ఆనాడు వారు తలంచిరి. సుమారు ఏబదియేండ్ల పిదప, 2016లో, ఆ యిద్దరే తమ సిద్ధాంతమును సవరించుకొనిరి. దీర్ఘబాధ కలిగినపుడు చతికిలబడుట ప్రాణికి సహజమే. నేర్చుకొనవలసినది 'నా ప్రయత్నమువలన ఫలితము మాఱును' అను ఎఱుక యని వారి తుదినిర్ణయము. మన యిల్లాండ్ర నోట వినబడు 'నాకు ఇంగ్లీషు రాదమ్మా' అను మాటను ఈ వెలుగున చూడుడు. అది తీర్పు కాదు. ఎఱుక యింకను కలుగలేదని తెలుపు మాట మాత్రమే.

ఈ సెలిగ్మన్ గారే 1998లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుల సంఘమునకు అధ్యక్షులై, మనోరోగములనే గాక మనుజుని సంతోషమును, సుగుణములను, ఆశను గూడ శాస్త్రీయముగ పరిశీలింపవలెనని ఉద్యమించిరి. పాజిటివ్ సైకాలజీ యని నేడు పిలువబడు శాఖ యిట్లు బలపడినది. బార్బరా ఫ్రెడ్రిక్సన్ అను విదుషి యీ విషయముననే ఒక సిద్ధాంతము చెప్పెను. భయము చూపును ఇఱుకు చేయును. సంతోషము చూపును విశాలము చేసి, క్రొత్తదానిని చేపట్టుటకు ధైర్యమిచ్చును. భాష నేర్చువారికి కావలసినది ఇదియే గదా!

భాషాధ్యాపకులు దీనిని తమ తరగతులకు తెచ్చుకొనిరి. 2014లో జాన్ మార్క్ డెవాలె, పీటర్ మెకింటైర్ అనువారు నానాదేశములందు పరభాషలు నేర్చుచున్న 1746 మందిని ప్రశ్నించి, ఒక చక్కని సంగతి కనుగొనిరి. సంతోషము, భయము త్రాసులోని రెండు తట్టల వంటివి కావు; ఒకటి లేచిన రెండవది దిగవలెనను నియమము లేదు. ఒకే మనిషియందు రెండును ఉండవచ్చును. వారిలో స్త్రీలు పురుషులకంటె ఎక్కువ భయమును, ఎక్కువ సంతోషమును గూడ తెలిపిరి. కాబట్టి, భయము పూర్తిగ పోయినపిదప మాటాడుదమని మనము కూర్చుండ నక్కఱలేదు. భయము నుండనిండు, దాని ప్రక్కనే సంతోషమునకు నొక పీట వేయుదము.

ఆ పీట వేయు విధములలో ఇంట జరుపదగినవి మూడు చెప్పెదము.

మొదటిది మూడు మంచిసంగతుల సాధన. రాత్రి నిద్రించుటకు ముందు ఆనాడు జరిగిన మూడు మంచిసంగతులను, ప్రతిదానికిని కారణమును వ్రాయవలెను. 2005లో సెలిగ్మన్ ప్రభృతులు దీనిని పరీక్షింపగా, ఒక వారము చేసినవారికి ఆరు మాసముల వఱకు సంతోషము హెచ్చినట్లు కనబడినది. వారము పిదపను తమంతట కొనసాగించినవారికి మేలు మిక్కిలిగ కలిగినది. ఆంగ్లము నేర్చువారికి ఇందు రెండవ లాభమున్నది. జరిగినదానిని చెప్పుటకు భూతకాలక్రియ కావలెను. కారణము చెప్పుటకు 'బికాజ్' కావలెను. "టుడే అవర్ జాస్మిన్ ప్లాంట్ గేవ్ ఫైవ్ ఫ్లవర్స్, బికాజ్ ఐ వాటర్డ్ ఇట్ ఎవ్రీ డే." ఇంత చిన్న వాక్యమున వ్యాకరణమును గలదు, మల్లెపూవును గలదు. మాట దొరకనపుడు మొదట తెలుగులో వ్రాసి పిదప మార్చుకొనవచ్చును. తల్లిభాషను మెట్టుగ చేసికొనుటలో సిగ్గుపడవలసినది లేదు.

రెండవది శుభవార్త వినుట. షెల్లీ గేబుల్ అను విదుషి 2004లో సహచరులతో ప్రకటించిన పరిశోధనమున, ఒకరు శుభవార్త చెప్పినపుడు ఎదుటివారు బదులు చెప్పు తీరులు నాలుగని వివరించెను. ఉత్సాహముతో మఱికొంత అడుగుట యొకటి. 'సరే, మంచిది' యని ఊరకుండుట రెండవది. అందులో లోపము వెదకుట మూడవది. మాట మార్చి తమ సంగతి యెత్తుట నాల్గవది. వీనిలో మొదటిదానివలననే అనుబంధము గట్టిపడునని తేలినది. దీనిని ఆటగ ఆడవచ్చును. ఒకరు తమ శుభవార్తను ఆంగ్లమున నొక వాక్యములో చెప్పవలెను. రెండవవారు 'హూ, వేర్, హౌ' అను మాటలతో మూడు ప్రశ్న లడుగవలెను. ప్రశ్నలు కూర్చుట మనకు కష్టము. ఈ యాటలో అది తెలియకయే అభ్యాసమగును.

మూడవది గుణకథనము. క్రిస్టఫర్ పీటర్సన్, సెలిగ్మన్ గార్లు 2004లో మనుజుల సుగుణములు 24 అని పట్టిక వేసిరి. దయ, హాస్యము, న్యాయబుద్ధి మొదలగునవి నాలుగైదు చాలును. ఇంటివారిలో నొకరిని తలంచి, ఒక గుణమును చెప్పి, సాక్ష్యము చూపవలెను. "మై గ్రాండ్‌మదర్ ఈజ్ కైండ్. షి కీప్స్ రైస్ ఫర్ ది మిల్క్‌మాన్స్ సన్." మెచ్చుకోలు ఊరక పొగడ్త గాక, చూచినదాని మాటయగును. తనను గూర్చి యిట్టి వాక్యము విన్న నానమ్మ ముఖము చూచుటయే యొక పాఠము.

ఈ మూడింటిలోను జీవము ఒక్కటియే. చెప్పువానికి చెప్పదగిన నిజమైన సంగతి యున్నది. వినువాడు సంగతిని వినుచున్నాడు. మన యిండ్లలో సాధారణముగ జరుగునది వేఱు. పిల్లవాడు పరుగున వచ్చి, "అమ్మా, ఐ గోయెడ్ టు జూ!" అనును. మనము వెంటనే "గోయెడ్ కాదురా, వెంట్!" అందుము. సింహమును చూచిన సంబర మక్కడనే చల్లారును. మొదట "సింహము లేచినదా, పండుకొన్నదా?" అని యడుగవలెను. కథ ముగిసిన పిదప తప్పు దిద్దవలెను.

దిద్దనే కూడదని మా భావము కాదు. 1997లో రాయ్ లిస్టర్, లైలా రాంటా అనువారు కెనడాలో ఫ్రెంచిభాషలో బోధించు తరగతులను పరిశీలించిరి. ఉపాధ్యాయులు సగమునకు మించిన పర్యాయములు సరియైన రూపమును తామే పలికి ముందుకు సాగుచుండిరి. పిల్లలు దానిని గమనించి సవరించుకొనుట తక్కిన పద్ధతులకంటె తక్కువగ నుండెను. ప్రశ్నించి పిల్లలచేతనే సరిగ చెప్పించినపుడు ఫలితము మెఱుగుగ నుండెను. కాబట్టి పది తప్పులలో నొకదానిని ఏరుకొని, "నిన్నటి సంగతి కదా, ఇంకోలా చెప్పు చూద్దాం" అని యడిగి, ఓపికపట్టుట మేలు. ఈ ఓపికకు గూడ కొలత యున్నది. మేరీ బడ్ రో అను విదుషి అమెరికా బడులలో విచారింపగా, ఉపాధ్యాయులు ప్రశ్న యడిగి ఒక్క సెకండు మాత్రమే వేచియుండిరి. మూడు సెకండ్లు ఆగినచో పిల్లల బదుళ్లు దీర్ఘములును, బాగైనవియు నయ్యెనని 1974లో ఆమె ప్రకటించెను. మూడు సెకండ్లు! పాలు పొంగునేమో యని చూచునంత సేపైనను కాదు.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. సంతోషమును ఆజ్ఞాపింపరాదు. ఇంట దుఃఖమున్న బిడ్డను 'మూడు మంచిసంగతులు చెప్పు' మని నిర్బంధించుట హింసయే యగును. ఆనాడు "టుడే ఐ యామ్ శాడ్" అన్నను అది చక్కని ఆంగ్లవాక్యమే; దానిని గూడ ఓపికతో వినవలెను. మఱియు సంతోషసాధనలు బోధనకు బదులు కావు. అఱువదిమంది పిల్లల నొక్క గదిలో కూర్చి, పుస్తకములు సకాలమున నందింపక, 'నవ్వుచు నేర్చుకొనుడు' అనుట పరిహాసము. పదములు, వ్యాకరణము, చదువుట, వ్రాయుట - ఈ శ్రమ తప్పదు. ఆ శ్రమకు మనసు ఒప్పునట్లు చేయుటయే ఈ సాధనల పని.

మా వీధి గృహిణి సంగతి చెప్పి ముగించెదము. ఆమె ఒక నోటుపుస్తకము కొని, కుమార్తెతో గూడి రాత్రివేళ మూడు మంచిసంగతులు వ్రాయ మొదలుపెట్టెను. మొదటి రాత్రి ఆమె వ్రాసిన వాక్యము: "మై డాటర్ ఈట్ మై పప్పు విత్ హ్యాపీ." బిడ్డ పకపక నవ్వెను. తల్లి పుస్తకము మూసి లేచిపోయెను. ఇక ఆ ముచ్చట ముగిసినదనియే మేమును అనుకొంటిమి. కాని మఱునాటి రాత్రి ఆ పిల్లయే పుస్తకము తెచ్చి, తల్లి యొడిలో పెట్టి, "అమ్మా, నిన్న పప్పు నిజంగానే బాగుంది. ఇవాళ ఏం రాస్తావు?" అని యడిగెనట. ఎవరును బోధింపకయే ఆ పసిది నేర్చుకొన్నది, తప్పుకంటె ముందు సంగతిని వినవలెనని.

ఇటీవల జరిగిన సమావేశమునకు తల్లియే పోయినది. ఆంగ్లమున రెండు వాక్యములు పలికినది. వానిలో నొకటి తప్పట. తక్కినది తెలుగులో మాటాడగా ఉపాధ్యాయినియు తెలుగుననే బదులు చెప్పినది. బిడ్డ తల్లి చేయి విడువలేదు.

ఈ సాధనలలో నొకదానిని మీ యింట వారము దినములు జరిపి చూడుడు. జరిపినవారు తమ యనుభవములను మాకు వ్రాసినచో సంతోషింతుము. ఆంగ్లమున వ్రాసినను సరే. తప్పులను మేము లెక్కింపము, సంగతి చదివెదము.