అనగనగా... స్పానిష్‌లో!

అనగనగా ఒక ఊళ్లో ఒక రాజు ఉండేవాడు. ఒకరోజు ఆయన వేటకు వెళ్లాడు... ఈ రెండు ముక్కలూ చెప్పగలిగే తెలుగు పిల్లాడికి, స్పానిష్ నేర్చుకునేవాళ్లని ముప్పుతిప్పలు పెట్టే వ్యాకరణంలో సగం వచ్చేసినట్టే!

స్పానిష్‌లో గడిచిపోయిన సంగతులు చెప్పేందుకు ముఖ్యంగా రెండు రూపాలున్నాయి. పని జరిగి పూర్తయిపోయిందంటే ప్రెటెరిట్. అప్పట్లో అలా ఉండేది, అలా జరుగుతుండేది అంటే ఇంపర్‌ఫెక్ట్. అది ఎప్పుడు ముగిసిందన్నది దానికి పట్టదు. అక్కడి అమ్మమ్మలు కూడా 'అబీయా ఊనా బేస్' (అనగనగా ఉండేది) అంటూ ఇంపర్‌ఫెక్ట్‌తోనే కథ ఎత్తుకుంటారు. 'ఊన్ దీయా' (ఒకరోజు) అనగానే క్రియ ప్రెటెరిట్‌లోకి మారిపోతుంది. అచ్చం ఉండేవాడు, వెళ్లాడు లాగే! ఇంగ్లిష్‌లో మామూలుగా రెండుచోట్లా ఒకే భూతకాలం. అందుకే ఇంగ్లిష్ మీదుగా నేర్చుకునేవాళ్లకి అంత తంటా.

అలాగని 'ఉండేవాడు' ఒక్కదాన్నే నమ్ముకుంటే బోల్తాపడతారు. 'కొసినాబా' అంటే (ఇది లాటిన్ అమెరికా ఉచ్చారణ) 'వండేది' అనీ వస్తుంది, 'అప్పుడు వండుతోంది' అనీ వస్తుంది. ఆవిడ వంట చేస్తుండగా ఫోన్ మోగిందనుకోండి. వంట ఇంపర్‌ఫెక్ట్, ఫోన్ మోగడం ప్రెటెరిట్.

అసలు చిక్కంతా రూపం మారితే అర్థమే మారిపోయే క్రియలతో. 'కొనొసీయా' అంటే 'అతను నాకు అప్పటికే తెలుసు'. చివరి అక్షరం ఎగిరిపోయి 'కొనొసీ' అయితే 'అతనితో అప్పుడే పరిచయమైంది'. ఇంతవరకూ ఫర్వాలేదు. చెల్లెలి పెళ్లి విషయంలో అన్న 'నో కెరీయా బెనీర్' అంటే, రావడం అతనికి ఇష్టం లేదని. ఆ తర్వాత మనసు మార్చుకుని వచ్చాడేమో కూడా! అదే 'నో కీసో బెనీర్' అంటే రానుగాక రానన్నాడనే. ఒకటి చెప్పబోయి రెండోది చెబితే చుట్టరికాలే చెడిపోతాయి. మనవడు ఊరు చేరేసరికి తాత 'సె మొరీయా' అంటే కొనఊపిరితో ఉన్నాడు, ఒక్క మాటైనా మాట్లాడొచ్చేమో. 'మురియో' అంటే ఆ ఆశ లేదు.

బట్టీపట్టే శ్రమ మాత్రం ప్రెటెరిట్‌దే. ఇంపర్‌ఫెక్ట్‌లో దారితప్పే క్రియలు మూడే మూడు... సెర్ (ఉండటం), ఈర్ (వెళ్లడం), బేర్ (చూడటం). ప్రెటెరిట్‌లో అలాంటివి బోలెడు. పైగా అందులో సెర్‌కీ, ఈర్‌కీ రూపాలన్నీ ఒకటే. 'ఫ్వీ' అంటే 'నేను ఉన్నాను', 'నేను వెళ్లాను' రెండూనూ! ఏదన్నది ముందూవెనకా మాటల్ని బట్టి పోల్చుకోవాల్సిందే.